ఉత్పత్తి ఆగిపోయిన రింగో రేంజర్ బేస్ యాంటెన్నా, కనీసం దాని విడిభాగాలు, ఎక్కడైనా దొరుకుతాయా?

బందరు తీరం

హ్యామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) సభ్యులందరికీ నమస్కారం. మా డాబా మీద 2003 నుంచి కష్‌క్రాఫ్ట్ వారి ఏఆర్‌ఎక్స్-2బి, అంటే మనవాళ్లు రింగో రేంజర్ 2 అని పిలిచే టూ మీటర్ (144–146 మెగాహెర్ట్జ్) బ్యాండ్ బేస్ యాంటెన్నా నిలబడి ఉంది. మా బావగారు అమెరికా నుంచి పూర్తిగా తిరిగి వచ్చేస్తూ, ఓడలో వేసిన ఇంటి సామానుతో పాటు దానిని తెచ్చి ఇచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా బందరు ఉప్పుగాలికి, తుపానులకు తట్టుకుని నిలిచిన ఆ యాంటెన్నాతోనే నేను 25 వాట్లతో, మధ్యలో మాటను అందుకుని తిరిగి పంపే ఏ రిపీటరూ లేకుండా, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెజవాడ మిత్రులతో మాట్లాడుతూ వచ్చాను.

కిందటి వానాకాలం తరువాత పరిస్థితి మారిపోయింది. వారి మాట నాకు లీలగా వినబడుతోంది. నా మాట వారికి అసలే చేరడం లేదు. రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరుగుతోందో చూపేది, 1 అయితే ఏమీ తిరగనట్టు) 1.6 మాత్రమే చూపిస్తోంది కాబట్టి కేబుల్‌లో లోపమేమీ లేదని, యాంటెన్నాయే ముసలిదైపోయిందని నిర్ణయించుకున్నాను. అదే మోడల్ మళ్లీ కొందామని వెతికితే ఎక్కడ అడిగినా ఇప్పుడు తయారు కావడం లేదన్న సమాధానమే వస్తోంది. పాతదైనా పరవాలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా దొరికే చోటు తెలిస్తే దయచేసి చెప్పండి.

పాత తీగ

బందరు తీరం గారూ, మీకు వచ్చిన సమాధానం నిజమే. కష్‌క్రాఫ్ట్ పుట్టింది న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో. దాని హ్యామ్ యాంటెన్నాల విభాగం 2009లో ఎంఎఫ్‌జే కంపెనీ చేతికి వెళ్లింది. నెబ్రాస్కాలోని లింకన్‌లో మొదలైన హై-గెయిన్ అనే యాంటెన్నా కంపెనీ కూడా చేతులు మారి చివరికి ఆ ఇంటికే చేరింది. 1972లో మార్టిన్ జూ స్థాపించిన ఎంఎఫ్‌జే కంపెనీ మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌లో ఉండేది. తనకు ఎనభై ఏళ్లు వచ్చాయని, కోవిడ్ కొట్టిన దెబ్బ నుంచి వ్యాపారం కోలుకోలేదని ఆయన లేఖ రాసి, 2024 మే 17తో అక్కడి ఉత్పత్తిని ఆపివేశారు. వేర్వేరు పేర్లున్న పాత కంపెనీలన్నీ ఒకే గూటికి చేరడం వల్ల, ఆ ఒక్క గూడు మూతపడగానే కష్‌క్రాఫ్ట్, హై-గెయిన్ వాళ్ల విడిభాగాలకు కూడా ఒకేసారి కరువు వచ్చింది.

అయితే కొత్తది వెతకడానికి ముందు మీరు చెప్పిన 1.6 అనే అంకె గురించి మనం మాట్లాడుకోవాలి. మీ కేబుల్ ఏ రకం, పొడవు ఎంత, ఎప్పుడు వేసినది?

డాలస్ తెలుగు

ఇక్కడ అమెరికాలో పాత యాంటెన్నాలు దొరికే దారులు రెండు మూడు ఉన్నాయి. ఒహాయోలోని జీనియాలో ప్రతి మే నెలలో జరిగే డేటన్ హ్యామ్‌వెన్షన్ పాత సామాను సంతలో, గడ్డి మీద పరిచిన గుడ్డల పైన, ఇటువంటి పైపుల కట్టలు చాలా కనబడతాయి. క్యూఆర్‌జెడ్, ఈహ్యామ్ వంటి వెబ్‌సైట్లలో వర్గీకృత ప్రకటనలు ఉంటాయి. ఈబేలో దొరుకుతాయి కానీ, అక్కడ ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువవుతుంది. అన్నిటికన్నా మంచి దారి, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా, సైలెంట్ కీ అయిన పెద్దల ఇళ్లు. ఒక హ్యామ్ కాలం చేశాక ఆయన సామాను ఏమి చేయాలో తెలియక కుటుంబ సభ్యులు స్థానిక క్లబ్‌ను పిలుస్తారు. అటువంటి యాంటెన్నాలు చాలావరకు ఇంకా మాస్టు మీదే ఉంటాయి; ఎక్కి దించుకునే వారికే దక్కుతాయి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అమ్మేవారు పైపులన్నీ ఉన్నాయని ఫొటో పెడతారు కానీ, అడుగున ఉండే రింగు, దాని ట్యాపు (రింగుకు తీగ కలిసే చోటు) బిగించే క్లిప్పు, మధ్యలో రెండు భాగాలను కలిపే వంచిన ఫేజింగ్ కడ్డీ ఉన్నాయా అన్నది ప్రత్యేకంగా అడగాలి. అవి లేని రింగో రేంజర్ అంటే ఉత్త అల్యూమినియం పైపులే.

గోదారి గట్టు

నాకు ఈ వెతుకులాట మొదటి నుంచీ అర్థం కాదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అర్ధ తరంగం ఒక మీటరుకు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. ఏసీ మెకానిక్‌లు వాడే అర అంగుళం రాగి గొట్టం రెండు మీటర్లు, ఒక టీ, ఒక ఎల్బో కొనుక్కుంటే సాయంత్రానికి జే-పోల్ (జే అక్షరం ఆకారపు యాంటెన్నా) తయారవుతుంది. రాగి కాబట్టి ఉప్పుగాలికి పచ్చబడుతుందే తప్ప తినేయదు. నేను రాజమండ్రిలో అటువంటి దానితోనే పదేళ్లుగా పని నడుపుతున్నాను. కంపెనీ పేరు మీద ఉన్న మమకారమే తప్ప మరొకటి కాదని నా అభిప్రాయం.

కొత్త గొంతు

నేను ఈ మధ్యనే పరీక్ష రాసి లైసెన్సు కోసం ఎదురు చూస్తున్నవాణ్ణి కాబట్టి, ప్రశ్న అమాయకంగా ఉంటే మన్నించండి. డైమండ్ వారి ఎక్స్-50 ఇప్పటికీ కొత్తగానే దొరుకుతోంది కదా, పైగా అది రెండు బ్యాండ్లలో పనిచేస్తుంది కదా, దానిని కొనకుండా పాతదాని వెంట ఎందుకు పడాలి?

పాత తీగ

కొత్త గొంతు గారూ, ప్రశ్న అమాయకమైనది కాదు, అడగవలసినదే. టూ మీటర్‌లో ఎక్స్-50 గెయిన్ (శక్తిని కావలసిన వైపుకు కూడగట్టే బలం) 4.5 డెసిబెల్ అని, ఏఆర్‌ఎక్స్-2బి గెయిన్ 7 అని తయారీదారులు రాసుకున్నారు. కాగితం మీది ఆ తేడా నిజమే అనుకున్నా, రెండున్నర డెసిబెల్ అంటే, వినబడే సంకేత బలాన్ని చూపే ఎస్ మీటరు మీద అర గీత కూడా కాదు. కాబట్టి మామూలు వాడకానికి ఎక్స్-50 చాలు. అయితే ఫైబర్ గొట్టంలో ఉన్న యాంటెన్నాకు లోపల ఏదైనా తెగితే విప్పి బాగుచేయడం కష్టం. కొన్ని ఏళ్ల ఎండకు గొట్టం పైపూత పోయి గాజు నూలు బయటపడుతుంది, పట్టుకుంటే చేతికి ముళ్లలా గుచ్చుకుంటుంది. రింగో రేంజర్‌లో ప్రతి అతుకూ బయటే, ప్రతి స్క్రూ చేతికి అందుతుంది. నేను పాతదానిని వెనకేసుకు వచ్చేది గెయిన్ కోసం కాదు, విప్పి బాగుచేసుకునే వీలు కోసం.

గోదారి గట్టు గారి జే-పోల్ కూడా మంచిదే. అది అర్ధ తరంగ యాంటెన్నా కాబట్టి గెయిన్ రెండు డెసిబెల్‌కు కొంచెం పైన ఉంటుంది. రాజమండ్రిలో ఊరి రిపీటర్‌కో, పక్క ఊరికో చాలినది బందరు నుంచి బెజవాడకు చాలుతుందా అన్నదే అనుమానం.

ఇప్పుడు అసలు విషయం. బందరు తీరం గారు కేబుల్ వివరాలు ఇంకా చెప్పలేదు.

బందరు తీరం

ఆలస్యానికి మన్నించండి. కేబుల్ ఆర్‌జీ-213, పొడవు 30 మీటర్లు, యాంటెన్నాతో పాటే 2003లో వేసినది. అప్పటి నుంచి మార్చలేదు.

పాత తీగ

అయితే వినండి. కొత్త ఆర్‌జీ-213 ఈ పౌనఃపున్యం దగ్గర నూరు మీటర్లకు సుమారు ఎనిమిదిన్నర డెసిబెల్ మింగుతుంది (మూడు డెసిబెల్ పోతే శక్తి సగమైనట్టు). మీ 30 మీటర్లకు రెండున్నర చొప్పున, 25 వాట్లలో 14 వాట్లు పైకి చేరాలి. ఇరవై ఏళ్ల ఉప్పుగాలి తరువాత లోపలికి తేమ దిగిన కేబుల్ ఎంత మింగుతుందో ఎవరూ కూర్చుని లెక్కకట్టలేరు, కొలవవలసిందే. మాట వరసకు ఆరు డెసిబెల్ అనుకుందాం. పైన యాంటెన్నా పూర్తిగా ఊడిపోయి, చేరిన శక్తి అంతా వెనక్కి తిరిగినా, కిందికి వచ్చే దారిలో కేబుల్ మరో ఆరు మింగుతుంది. మొత్తం పన్నెండు డెసిబెల్ తగ్గి మీటరు దగ్గరకు చేరిన ఆ తిరుగు శక్తిని చూసి మీటరు చూపగలిగేది 1.7 లోపే. అంటే మీకు కనబడుతున్న 1.6 బాగున్నట్టు చెప్పే అంకె కాదు. పైన యాంటెన్నా ఉన్నా లేకపోయినా అదే అంకె రావచ్చు.

నేను చేయమనే పనులు రెండు. మాస్టు దించి, కేబుల్ పై చివర డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు శక్తిని పీల్చుకునేది), వాట్ మీటరు పెట్టి ఎన్ని వాట్లు చేరుతున్నాయో చూడండి. తరువాత యాంటెన్నా కనెక్టరు మధ్య పిన్నుకు, బయటి లోహానికి మధ్య మల్టీమీటరుతో బజర్ పరీక్ష చేయండి. చాలామంది ఇక్కడ తప్పుగా అర్థం చేసుకుంటారు: రింగోలో మధ్య పిన్ను ట్యాపు ద్వారా రింగుకు, రింగు ద్వారా బ్రాకెట్‌కు కలుస్తుంది కాబట్టి బజర్ మోగితేనే యాంటెన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు. మోగకపోతే ఎక్కడో తెగినట్టు.

గోల్కొండ

ఈ చర్చలోనే నా అవసరం కూడా చెప్పుకుంటాను. మా క్లబ్ రిపీటర్‌కు డీబీ-224 అనే యాంటెన్నా కోసం ఏడాదిగా వెతుకుతున్నాం. ఇప్పుడున్న ఫైబర్ యాంటెన్నా మామూలు వాడకానికి బాగానే ఉంటుంది కానీ, ఒకే యాంటెన్నా మీద పంపడం, వినడం ఒకేసారి జరిగేసరికి లోపలి అతుకుల దగ్గర పుట్టే చిటపటలు రిసీవర్‌ను చెవిటిదాన్ని చేస్తున్నాయి. పంపే, వినే పౌనఃపున్యాల మధ్య ఉన్న మన ఆరు వందల కిలోహెర్ట్జ్ తేడాలో, ఆ రెంటినీ విడదీసే డ్యూప్లెక్సర్ కూడా ఆ రొదను ఆపలేదు.

వెతుకులాటలో ఒకసారి దెబ్బ కూడా తిన్నాం. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాలుగు ఫొటోలు పంపి సగం డబ్బు ముందుగా అడిగాడు. క్లబ్ చందాలలోంచి పంపిన తరువాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ ఫొటోలు మరో దేశపు పాత ప్రకటనలోంచి తీసినవని తరువాత తెలిసింది. అప్పటి నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాం: ఆ రోజు దినపత్రిక పక్కన పెట్టి యాంటెన్నా లేబుల్‌ను దగ్గరగా తీసిన ఫొటో వస్తేనే డబ్బు మాట.

డాలస్ తెలుగు

గోల్కొండ గారూ, మీరు అడిగింది నేను ఉంటున్న ఊరి సరుకే. డీబీ అంటే డెసిబెల్ ప్రొడక్ట్స్. అది డాలస్ కంపెనీ. అలెన్ టెలికాం వారి చేతి నుంచి 2003లో ఆండ్రూకు, 2007లో ఆండ్రూతో పాటు కామ్‌స్కోప్‌కు వెళ్లింది. నాలుగు ఫోల్డెడ్ డైపోల్స్ (మడిచిన అర్ధ తరంగ కడ్డీలు) ఒకే మాస్టు మీద, దాదాపు 21 అడుగుల ఎత్తు. వాటిని నాలుగు దిక్కులకు పెడితే ఆరు డెసిబెల్, ఒకే వైపుకు పెడితే ఆ వైపున తొమ్మిది అని లెక్క.

కొనేటప్పుడు పేరు చివర ఉన్న అక్షరాన్ని చదవండి. ‘ఈ’ రకం 138 నుంచి 150 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది కాబట్టి మన 144–146కు సరిపోతుంది. ‘ఏ’ రకం 150–160ది. పోలీసు, అగ్నిమాపక శాఖల టవర్ల నుంచి దించినవి ఎక్కువగా ‘ఏ’ రకమే ఉంటాయి, ధర తక్కువ అని వాటిని తీసుకుంటే మీ బ్యాండ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్‌తో రాజీ పడాలి. రెండో విషయం, డైపోల్స్ పాడవవు; వాటిని కలిపే కోయాక్స్ హార్నెస్ పాడవుతుంది. పాతది కొన్నాక హార్నెస్ తప్పకుండా మార్చవలసి ఉంటుందని ముందే లెక్క వేసుకోండి.

అదే పేరు మీద పట్టుబట్టకపోతే వెతుకులాట సగం తగ్గుతుంది. శాన్ హోసేలోని టెలివేవ్ వారి నాలుగు డైపోల్స్ యాంటెన్నా అదే ఆకారం, అదే గెయిన్, పైగా 138 నుంచి 174 వరకు ఒకటే యాంటెన్నా. సామాన్యులు వాడే సీబీ రేడియో వాళ్ల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఒకప్పుడు అవాంతి వారి సిగ్మా 4 అనే 27 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకు పెద్ద పేరు, కంపెనీ పోయింది. దాని బొమ్మనే ఇటలీలోని సిరియో వారు వెక్టర్ అనే పేరుతో చేస్తున్నారు. ఆగిపోయిన మోడల్ కోసం వెతికేవారు ముందుగా దాని కొనసాగింపు వేరే పేరుతో ఎక్కడ నడుస్తోందో చూడడం మంచిది.

ఉక్కునగరం

విశాఖ నుంచి రెండు మాటలు. ఇక్కడి ఫిషింగ్ హార్బర్ దగ్గర, పాత ఓడ సామాను దుకాణాలలో తెల్లటి ఫైబర్ యాంటెన్నాలు చవకగా దొరుకుతాయి. వాటిని చూసి ఆశపడకండి. అవి సముద్ర వీహెచ్‌ఎఫ్‌వి, 156–162 మెగాహెర్ట్జ్‌కు కోసినవి. 159 దగ్గర అర్ధ తరంగం 94 సెంటీమీటర్లు, మనకు కావలసింది 103. ఫైబర్ లోపల మూసి ఉన్న తీగను తొమ్మిది సెంటీమీటర్లు సాగదీయడం ఎవరి వల్లా కాదు. ఆ దుకాణాలలో కొనదగినవి స్టెయిన్‌లెస్ స్టీల్ యు-బోల్టులు, క్లాంపులు; ఉప్పుగాలికి అంతకు మించినవి లేవు.

రింగో రేంజర్ విషయంలో పైపులు కూడా ఇక్కడే దొరుకుతాయి కానీ ఒక చిక్కు ఉంది. అమెరికా పైపుల గోడ మందం 0.058 అంగుళం. ఒక అంగుళం పైపు లోపలి వ్యాసం 0.884, దానిలోకి దూరే ఏడు బై ఎనిమిదో వంతు పైపు బయటి వ్యాసం 0.875. మధ్య సందు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేదు. అందుకే వారి యాంటెన్నాలు దుర్భిణిలా ఒకదానిలో ఒకటి జారి గట్టిగా నిలబడతాయి. మన దగ్గర 25 మిల్లీమీటర్ల పైపుకు మందం ఒకటిన్నర అయితే లోపల సరిగ్గా 22 మిగులుతుంది, 22 పైపు దూరదు. మందం 1.2 అయితే 22.6 మిగిలి వదులుగా ఆడుతుంది. అప్పుడు బయటి పైపు చివర రెండు అంగుళాలు రంపంతో నిలువుగా చీల్చి స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పుతో బిగించాలి, సందులో జింకు కలిసిన ఆక్సీకరణ నిరోధక పేస్టు రాయాలి. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణాలలో వాడే 6063 మిశ్రమం ఈ పనికి చాలు. దాని టెంపర్ టీ6 అని అడిగి తీసుకోండి, మెత్తని రకం గాలికి వంగిపోతుంది.

బందరు తీరం

పాత తీగ గారూ, మీరు చెప్పిన రెండు పరీక్షలూ ఆదివారం చేశాను. ముందుగా ఒప్పుకోవలసింది, నేను చేసిన నిర్ణయం సగం తప్పు.

కింద 25 వాట్లు పంపితే పై చివర డమ్మీ లోడు దగ్గర చేరినవి 6 వాట్లు. అంటే కేబుల్ ఆరు డెసిబెల్‌కు పైనే మింగుతోంది. మీరు మాట వరసకు అన్న అంకె అచ్చంగా అదే అయింది. కేబుల్ పై చివర ఒక మూర పొడవున తొడుగు ఒలిచి చూశాను. రాగి అల్లిక నల్లగా, తడి కాఫీపొడి పూసినట్టు ఉంది, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. కనెక్టరు మీద 2003లో చుట్టిన మామూలు టేపు ఎండకు చీలి చివరలు లేచిపోయాయి. నీరు దిగింది అక్కడి నుంచే.

ఇక యాంటెన్నా. బజర్ మోగలేదు. రింగు చుట్టూ కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంటే, చీపురు పుల్లతో నెమ్మదిగా రాల్చాను. దాని వెనుక, మధ్య పిన్ను నుంచి రింగుకు వెళ్లే పట్టీ క్లిప్పు దగ్గర తెగి ఉంది. క్లిప్పు స్క్రూను ఎప్పుడో నేనే మామూలు ఇనుపదానితో మార్చాను. అది తుప్పుపట్టి పక్కనున్న అల్యూమినియాన్ని కూడా తెల్లటి పొడి చేసేసింది. అడుగున ఉన్న నల్లటి ఇన్సులేటరు రెండు చోట్ల నిలువుగా నెర్రెలిచ్చింది. పైపులు మాత్రం, పైన నల్లబడడం తప్ప, ఎక్కడా దెబ్బతినలేదు.

కాబట్టి నా ప్రశ్న ఇప్పుడు మారింది. నాకు పూర్తి యాంటెన్నా అక్కర లేదు. ఇన్సులేటరు, క్లిప్పు, పట్టీ కావాలి.

పాత తీగ

అచ్చంగా ఇదే నేను చెప్పదలుచుకున్నది. ఆగిపోయిన యాంటెన్నాలో కరువైనది పైపు కాదు, అచ్చులో పోసిన ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క. నా దగ్గర పాడైన కష్‌క్రాఫ్ట్ ఆర్-7 ఒకటి ఉంది. 40 మీటర్ల నుంచి 10 మీటర్ల వరకు ఏడు బ్యాండ్ల నిలువు యాంటెన్నా. దానిలో పోయింది కూడా అడుగున ఉండే మ్యాచింగ్ పెట్టె, రెండు ట్రాపులు (బ్యాండ్లను వేరుచేసే చుట్టలు) మాత్రమే. పూర్తి ఆర్-7 కోసం వెతికిన రెండేళ్లు వృథా అయ్యాయి. విడిభాగాలు అని ప్రకటన ఇచ్చిన మూడో వారానికే ఒకరి అటక మీద నుంచి ట్రాపులు దిగి వచ్చాయి. పూర్తి యాంటెన్నా ఉన్నవాడు అమ్మడు. విరిగినది ఉన్నవాడు పారేయలేక దాచి ఉంచుతాడు. మీరు పిలవవలసింది ఆ రెండోవాడిని.

కేబుల్ మాత్రం పూర్తిగా మార్చండి. ఎల్‌ఎంఆర్-400 రకానిది నూరు మీటర్లకు అయిదు డెసిబెల్ చొప్పున మీ 30 మీటర్లకు ఒకటిన్నర మాత్రమే మింగుతుంది. 25లో 17 వాట్లకు పైగా పైకి చేరతాయి. ఆరు నుంచి పదిహేడు. ప్రపంచంలో ఏ యాంటెన్నా మార్చినా మీకు అంత లాభం వచ్చేది కాదు. డబ్బు తగ్గించుకుందామని ఆర్‌జీ-58 మాత్రం వేయకండి, అది నూరు మీటర్లకు దాదాపు ఇరవై మింగుతుంది, మళ్లీ ఇక్కడికే వస్తారు.

ఉక్కునగరం

ఇన్సులేటరు సంగతి నేను చూస్తాను. ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ షాపు ఉంది. పాతదాని కొలతలు వెర్నియర్‌తో తీసి, మూడు వైపుల నుంచి ఫొటోలు పంపండి.

ఏ పదార్థంతో చేయించాలన్నది ముందే తేల్చుకుందాం. షాపువాళ్లు అడగగానే నైలాన్ కడ్డీ తీస్తారు; వద్దు, అది తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో ట్యూనింగ్ పక్కకు జరిగిపోతుంది. టెఫ్లాన్ విద్యుత్ పరంగా అన్నిటికన్నా మేలు, ఎండకు కూడా చెక్కుచెదరదు, కానీ మెత్తనిది కాబట్టి క్లాంపు బిగించిన చోట నెమ్మదిగా నలిగి యాంటెన్నా పక్కకు ఒరుగుతుంది. డెల్రిన్ గట్టిది, తేమ పట్టదు. తెల్లది ఎండకు పెళుసవుతుంది కాబట్టి నల్లది తీసుకుందాం. నల్ల రంగుకు ఏమి కలిపారో తెలియదు కాబట్టి ఒక ముక్క కోసి, పక్కన కప్పు నీళ్లు పెట్టి, మైక్రోవేవ్ పొయ్యిలో ఒక నిమిషం తిప్పుతాను. ముక్క వేడెక్కకపోతే పనికి వస్తుంది. ఇంట్లో వాళ్లు బయటికి వెళ్లినప్పుడు చేయవలసిన పరీక్ష ఇది.

గోదారి గట్టు

ఒక లేత్ ముక్క, కొత్త కేబుల్, విశాఖ నుంచి కొరియరు. ఈ శ్రమకు నేను చెప్పిన రాగి గొట్టం పద్ధతిలో మూడు యాంటెన్నాలు వచ్చేవి. అయినా కేబుల్ మార్చాలన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటున్నాను. నిజం చెప్పాలంటే పాత తీగ గారి లెక్క చదివాక నేను కూడా నా కేబుల్ పై చివర వాట్ మీటరు పెట్టి చూశాను. ఫలితం ఇక్కడ రాయను.

కొత్త గొంతు

పాత తీగ గారూ, రేంజర్‌కు, రేంజర్ 2కు తేడా ఏమిటి? ఒక ప్రకటనలో ఏఆర్‌ఎక్స్-2 అని మాత్రమే ఉంది, చివర ‘బి’ లేదు.

పాత తీగ

ముఖ్యమైన తేడానే. పాత రేంజర్‌లో కేబుల్ బయటి పొర మీద, మాస్టు మీద కూడా తరంగ ప్రవాహం పారుతుంది. అంటే మాస్టు కూడా యాంటెన్నాలో భాగమైపోయి, నేరుగా దిగంతం వైపు పోవలసిన శక్తి కొంత పైకి, కొంత కిందికి చెదిరిపోతుంది. రేంజర్ 2లో రింగు కింద మాస్టుకు అదనంగా మూడు రేడియల్ కడ్డీలు పెట్టి ఆ ప్రవాహాన్ని అక్కడే ఆపారు. ‘బి’ లేనిది దొరికినా తీసుకోవచ్చు. మూడు కడ్డీలు మనమే చేర్చుకోవచ్చు. రింగు, ఫేజింగ్ కడ్డీ ఉన్నాయా అన్నదే చూడండి.

డాలస్ తెలుగు

బందరు తీరం గారికి శుభవార్త. మా క్లబ్‌లో ఒక పెద్దాయన గ్యారేజీలో గాలివానకు విరిగిన పాత రింగో రేంజర్ ఉంది, ‘బి’ లేని రకం. పైపులు వంగిపోయాయి, రింగు, ఇన్సులేటరు, క్లిప్పు, ఫేజింగ్ కడ్డీ క్షేమంగా ఉన్నాయి. డబ్బు తీసుకోనన్నారు. పైపులు సూట్‌కేసులో పట్టవు కాబట్టి అవి ఇక్కడే వదిలేస్తాను. మిగిలినవి అన్నీ కలిపి ఒక చెప్పుల పెట్టెలో సరిపోయాయి. సంక్రాంతికి వస్తున్నాను, హైదరాబాద్ నుంచి కొరియరు చేస్తాను. బదులుగా బందరు లడ్డు ఒక కిలో చాలు.

బందరు తీరం

డాలస్ తెలుగు గారూ, లడ్డు రెండు కిలోలు, పైగా తొక్కుడు లడ్డు. మీ పెట్టె వచ్చేలోగా ఉక్కునగరం గారు పంపిన నల్ల డెల్రిన్ ముక్కతోనే పని మొదలుపెట్టాను. పాతదానికన్నా ఒక మిల్లీమీటరు లావుగా వచ్చింది, ఎమరీ కాగితంతో అరగదీస్తే సరిపోయింది. పట్టీ రాగి రేకుతో కోసి, అల్యూమినియాన్ని నేరుగా తాకకుండా మధ్య స్టెయిన్‌లెస్ వాషర్ పెట్టి, స్టెయిన్‌లెస్ స్క్రూతో బిగించాను. కంపెనీ కరపత్రంలోని పొడవుల పట్టిక ప్రకారం పైపులు 145కు సరిచేసి, యాంటెన్నా కిందనే నానో వీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరం పెట్టి ట్యాపును వేలితో జరుపుతూ చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 దగ్గర ఆగింది. ఈసారి ఇది కేబుల్ చెప్పిన అబద్ధం కాదు.

కొత్త కేబుల్ వేసి, కనెక్టరు మీద ముందు సాగే రబ్బరు టేపు, దాని పైన మామూలు టేపు కింది నుంచి పైకి చుట్టాను. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు వేసి నీరు అక్కడే కారిపోయేలా చేశాను. నిన్న రాత్రి ఎనిమిదింటికి పిలిస్తే బెజవాడ నుంచి ఇద్దరు పలికారు. అందులో ఒకరు నేను రేడియో అమ్మేశానని అనుకున్నారట.

గోల్కొండ

అభినందనలు. డాలస్ తెలుగు గారూ, ఆ చెప్పుల పెట్టెలో చోటు మిగిలితే, డీబీ-224 హార్నెస్ కొలతలు, డైపోల్స్ మధ్య దూరాలు ఎవరి దగ్గరైనా ఉన్న అసలు యాంటెన్నా మీద టేపు పెట్టి కొలిచి, ఒక కాగితం మీద రాసి పెట్టగలరా? లేబుల్ మీద ‘ఈ’ అక్షరం ఉన్న దానివే కావాలి. డైపోల్స్ మేము ఇక్కడే చేయించుకుంటాం.